ఒంటికాలి మీద

పదమూడో ఏట, అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల జానెడు పొడుగెదిగింది. అదే దాని కొంప ముంచింది. నిరుడు కళ్ళు మూసుకుని నడిచిన బీమ్ మీద, ఆ బెత్తెడు దూలం మీద, ఇప్పుడు నాలుగడుగులు వేసేసరికి తూలిపోతోంది. జిమ్నాస్టిక్స్ కోచ్ స్వయానా పెద్దమ్మే. హాల్లో మాత్రం "మేడం" అనాలి.

"ఎముకలు ముందు పెరిగాయి, ఒళ్ళింకా వాటికి అలవాటు పడలేదు. రెండు నెలలు నేలమీదే మెల్లగా చేయించండి, బ్యాలన్స్ అదే వస్తుంది" అంది దాని కాళ్ళు పరీక్షించిన ఫిజియో.

"అలాగేనండీ" అంది పెద్దమ్మ. మర్నాడు పొద్దున్నే పిచ్చుకను బీమ్ ఎక్కించి ఒంటికాలి మీద నిలబెట్టింది. మిగతా తొమ్మిదిమందినీ చుట్టూ చేర్చి, "అరవై లెక్కపెట్టండి. ఇది కాలు దించిందో, మీరు తలా ఇరవై బస్కీలు!" అంది.

ఆ రోజు పదకొండుసార్లు దించింది.

రెండోరోజు ఎవరూ దానికి మంచినీళ్ళ సీసా అందివ్వలేదు. మూడోరోజు ప్రాణస్నేహితురాలు బొద్దు పక్కనుంచి పోతూ, "సరిగ్గా నిలబడి చావవే, మా కాళ్ళు పడిపోతున్నాయి" అని తొడ మీద రక్తం చిమ్మేలా గిల్లింది.

ఆరోరోజు నిలబడింది. పెదవి కొరుక్కుంటూ, వణికే మడమను తిట్టుకుంటూ అరవై దాటించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అయినా ఏనుగెక్కినంత సంబరంగా కిందికి దూకి, "మేడం, పోటీలకి నేనూ వెళ్తానా?" అంది.

"నువ్వా? పేర్లు పోయిన సోమవారమే పంపేశా. నీ చోటు బొద్దుకిచ్చాను."

"మరి నన్నెందుకు నిలబెట్టారు?"

"వీళ్ళ కాళ్ళలో సత్తువ లేదే. ఊరికే బస్కీలు తియ్యమంటే ఏడుస్తారు. నీ మీద కోపంతో అయితే తీస్తారు."

ఇంట్లో చెబితే, అమ్మ మడతపెడుతున్న బట్టల్లోంచి తలెత్తలేదు. "పెద్దమ్మ ఏం చేసినా నీ మంచికే."

మర్నాడు పిచ్చుక ఎవరూ పిలవకముందే బీమ్ ఎక్కింది. యాభై ఎనిమిది దాకా రాయిలా నిలబడి, బొద్దు కళ్ళలోకి చూస్తూ మెల్లగా కాలు దించింది. మళ్ళీ యాభై ఎనిమిదికే. మళ్ళీ. తొమ్మిదోసారికి ఒక పిల్ల వాంతి చేసుకుంది.

"కావాలనే చేస్తోంది మేడం!" బొద్దు బావురుమంది.

పెద్దమ్మ పిచ్చుకను ఎగాదిగా చూసి, ముసిముసిగా నవ్వింది. "ఇరవై" అంది.

సాయంత్రానికి బొద్దు మోకాలు బంతిలా వాచింది. పోటీలకు ఇంకో పిల్ల వెళ్ళింది. ఆ తొమ్మిదిమందీ మళ్ళీ పిచ్చుకతో మాట్లాడలేదు. పెద్దమ్మ మాత్రం ఆరేళ్ళ పిల్లల ఆజమాయిషీ దానికి అప్పగించింది. పాపం, వాళ్ళు దాని అడుగుల చప్పుడు వింటేనే హడలిపోతారు.