చుక్క పెట్టిన అతుకు

తెల్లారేసరికి ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. తూర్పున ఒక్క మబ్బు ముక్క మాత్రం, ఎవరో తుడవడం మరిచిపోయినట్టు, అక్కడే నిలబడిపోయింది. చుక్కల మేస్త్రి కొట్టు తలుపు తీసి కాసేపు దాన్నే చూశాడు. చూడ్డానికి వేరే ఎవరూ లేరు మరి.

రేడియోలు, టేపురికార్డర్లు, పాతకాలం యాంప్లిఫయర్లు బాగుచేసే కొట్టది. వెనక గదిలో మంచం, పొయ్యి, ఒక కంచం, రెండు గ్లాసులు. రెండో గ్లాసు అక్క వచ్చినప్పటికి. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమని పోరినవాళ్ళు ఒక్కొక్కరే పోరడం మానేశారు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి.

చుక్కల మేస్త్రి అని ఊరికే అనరు. తీగని సీసంతో అతికాక అతను దాన్ని చల్లారనిస్తాడు. తర్వాత పట్టకారుతో పట్టుకుని ఒకసారి లాగుతాడు. ఊడకపోతే దాని మీద ఎర్రటి గోళ్ళరంగుతో ఒక చుక్క పెడతాడు. లాగి చూడనిదానికి చుక్క పెట్టడు. ఎర్ర చుక్క కనబడితే ఇంక దాని జోలికి పోనక్కర్లేదని తక్కిన మెకానిక్కులు కూడా ఒప్పుకుంటారు. ఇల్లూ వాకిలీ లేనివాడికి పరువంటూ ఉంటే అది ఆ చుక్కలోనే ఉంది.

పదిగంటలప్పుడు అక్క వచ్చింది. బండివాడి చేత ఒక పెట్టె దింపించి బల్ల మీద పెట్టించింది. గోధుమరంగు గుడ్డ అంటించిన చెక్కపెట్టె, మూలలకి ఇత్తడి రేకులు. మేస్త్రి చూడగానే పోల్చుకున్నాడు. బావ గిటార్ యాంప్లిఫయర్. లోపల గాజు వాల్వులుండే పాతరకం.

"పెట్టెకేనా మర్యాద, నన్ను కూర్చోమనేది ఏమన్నా ఉందా?" అంది అక్క.

"కూర్చో. స్టూలు మీద సోల్డరింగు ఇనుముంది, చూసుకుని కూర్చో."

"ఉండనీ. ఈ కొట్లో వెచ్చగా ఉన్నది అదొక్కటేగా."

మేస్త్రి నవ్వలేదు. పెట్టె మీద దుమ్ము వేలితో గీశాడు. "బావ పంపాడా?"

"ఆయన పంపడం కూడానా. చెప్పకుండా తెచ్చాను. పదకొండేళ్ళుగా మంచం కింద పడి ఉంది."

"చూసుకోడా?"

"వంగితేగా. నడుం పట్టేసి ఆర్నెల్లయింది." ఆమె గొంతు తగ్గించింది. "ఈ మధ్య రోజూ ఆ కరెంటు గిటార్ తీసి ఒళ్ళో పెట్టుకుంటున్నాడ్రా. దేనికీ తగిలించకుండానే మీటుతాడు. ఆ చప్పుడు వంటింటిదాకా కూడా రాదు, దోమ పాడినట్టుంటుంది. దానికే తలొంచి చెవి ఒగ్గుతాడు. చూడలేక తెచ్చాను."

ఆమె వెళ్ళిపోయాక మేస్త్రి చాలాసేపు పెట్టె విప్పలేదు.

పదకొండేళ్ళ కింద ఒక క్లబ్బు హాల్లో బావ వాళ్ళ బృందం కచేరీ. ముందు రోజే యాంప్లిఫయర్ మేస్త్రి చేతిలో బాగుపడి వెళ్ళింది. విరామంలో ఎవరో స్పీకరు డబ్బా పక్కకి జరిపారు. మళ్ళీ మొదలెట్టి బావ తీగ మీటగానే శబ్దం రాలేదు, పొగ వచ్చింది. వెనక వరసలోంచి మేస్త్రి పరిగెత్తుకెళ్ళేసరికి స్పీకరు ప్లగ్గు నేల మీద పడి ఉంది. వాల్వుల యాంప్లిఫయర్‌కి స్పీకరు తగిలించకుండా వాయిస్తే లోపలి బలానికి బయటికి దారుండదు, ట్రాన్స్‌ఫార్మర్ని కాల్చేస్తుంది. పిల్లలకి కూడా చెప్పే సంగతి.

"ప్లగ్గు పెట్టకుండా వాయించావు. తాగితే ఇంతే," అన్నాడు మేస్త్రి, పదిమందీ వింటుండగా.

"పెట్టాన్రా. పొగ చూసి నేనే లాగేశాను," అన్నాడు బావ.

అందరూ మేస్త్రినే నమ్మారు. ఎర్ర చుక్కల వాడి మాట కదా. నెల తిరక్కుండా బృందంవాళ్ళు ఇంకో గిటారు అతన్ని చూసుకున్నారు. బావ ఆ పెట్టెని ఎవరికీ ఇవ్వలేదు. బావా బావమరుదుల మధ్య మాటల్లేవు. రెండు నెలలకోసారి అక్క వస్తుంది, బావ మాట ఎత్తదు, కొట్లో దుమ్ము దులిపి వెళ్ళిపోతుంది. మేస్త్రి కోసం వచ్చే మనిషి ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం పెట్టె విప్పాడు. మాడిన వాసన పదకొండేళ్ళయినా పోలేదు. మీటరు ముల్లు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కదల్లేదు. లోపల తీగ తెగిపోయింది. "చూశావా," అన్నాడు, గోడతో.

పాత తీగ ఒక్కో చుట్టూ లెక్కపెట్టుకుంటూ విప్పాడు, మళ్ళీ అన్నీ కొత్త తీగతో చుట్టాడు. వేల చుట్లు. నడుమ ఎవరన్నా పలకరిస్తే లెక్క తప్పేదే. మూడు రోజుల్లో ఎవరూ పలకరించలేదు. ఒక్కసారి తపాలా అతను గుమ్మంలో నిలబడి పక్కకొట్టు ఎక్కడని అడిగాడు. వేలితో చూపించాడు, లెక్క తప్పలేదు.

నాలుగో రోజు పగలు ట్రాన్స్‌ఫార్మర్ బిగించాడు. కొత్త తీగకి చోటు కావాలని స్పీకరు సాకెట్టు దగ్గరున్న పాత తీగని పట్టకారుతో కాస్త పక్కకి నెట్టాడు.

అది చేతిలోకి వచ్చేసింది.

చివర ఎర్ర చుక్క, కాలానికి ముదిరి కాఫీరంగుకి తిరిగింది. భూతద్దం పెట్టి చూశాడు. సాకెట్టు మీద సీసం మెరుపు లేకుండా బూడిదరంగులో ముద్ద కట్టి ఉంది, దాని నడిమధ్య తీగ దూరినంత మేర నున్నటి బొక్క. సీసం తీగని ఏనాడూ పట్టుకోలేదు. ఇన్నాళ్ళూ పట్టుకుంది గోళ్ళరంగే. స్పీకరు డబ్బా జరిపిన కుదుపుకి లోపల తీగ కదిలి, ప్లగ్గు పెట్టినా స్పీకరు తగలనట్టే అయి ఉంటుంది. ప్లగ్గు పెట్టే ఉంది. బావ అబద్ధమాడలేదు.

ఆ పూట ఎందుకు లాగి చూడలేదో గుర్తు తెచ్చుకోవాలని కూర్చున్నాడు. బావ తొందరపెట్టి ఉంటాడు. లేదా తొందర తనదేనేమో. ఏమీ గుర్తు రాలేదు. చుక్క మాత్రం తనదే.

పాత సీసం గీకేసి కొత్తగా అతికాడు. లాగాడు, ఇంకోసారి లాగాడు. కొట్లో ఉన్న స్పీకరు తగిలించి, స్విచ్చి వేసి ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అంత కరెంటున్న చోట రెండో చెయ్యి బయట ఉండకూడదు. వాల్వులు మెల్లగా నారింజరంగుకి వచ్చాయి. గిటార్ తగిలించే వైరు కొస మీద వేలు పెడితే స్పీకరు బుయ్‌మంది. పెట్టె బతికింది.

సాయంత్రం అక్క ఫోను చేసింది. "ఏం పోయిందిట?"

"ట్రాన్స్‌ఫార్మరు."

"ఆ రోజు నువ్వన్నదీ అదేగా," అంది. ఆ మాటలో ఇంకా మిగిలిన ఆశ ఏదో చచ్చిపోవడం అతనికి వినబడింది.

అవునంటే అయిపోతుంది. ఊడిన తీగ సంగతి తనకీ భూతద్దానికీ తప్ప ఎవరికీ తెలీదు. చెప్తే చుక్కకి విలువ పోతుంది. అది పోయినా బతకొచ్చు. చెప్పాక అక్క రావడం మానేస్తే?

"రేపు నేనే పట్టుకొస్తాను," అన్నాడు.

"నువ్వా? మా ఇంటికా? దారి గుర్తుందా?"

"మీరు మార్చకపోతే ఉంది."

మర్నాడు మిట్టమధ్యాహ్నం తలుపు బావే తీశాడు. జుట్టంతా నెరిసింది, మనిషి ఒక పక్కకి ఒరిగి నిలబడ్డాడు.

"ఏం బావమరిదీ, ఇల్లు తప్పావా?"

"బరువుగా ఉంది, ముందు పక్కకి జరుగు."

బావ పెట్టెని చూశాడు, తర్వాత పెళ్ళాన్ని చూశాడు. "మంచం కింద ఖాళీ అయిందని నాలుగు రోజులుగా తెలుసు. దొంగలు పట్టుకుపోయారేమోనని సంబరపడ్డాను."

మేస్త్రి పెట్టె దింపి చొక్కా జేబులోంచి ఆ పాత తీగ తీశాడు. బావ అరచేతిలో పెట్టాడు.

"స్పీకరు తీగ. నేను సరిగ్గా అతకలేదు. లాగి చూడకుండానే చుక్క పెట్టాను. ఆ రోజు ఊడింది ఇదే. నువ్వు ప్లగ్గు పెట్టే వాయించావు బావా."

అక్క గుమ్మం పట్టుకుంది. బావ ఆ తీగని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"పెట్టానా?"

"పెట్టావు."

"మొదట్లో ఒక ఏడాది నాకు తెలుసురా, పెట్టానని. చేతికి గుర్తుండేది." అతని గొంతులో కోపం లేదు, అదే మేస్త్రికి భరించలేకుండా ఉంది. "నువ్వంత గట్టిగా అన్నాక రాన్రానూ పెట్టలేదేమో అనిపించింది. తర్వాత పెట్టనట్టే గుర్తుండిపోయింది. ఇంత చిన్న పని మరిచిపోయేవాడికి స్టేజీ ఎందుకని ఎవరు పిలిచినా వెళ్ళలేదు."

"ఆ రోజు విన్నవాళ్ళలో ముగ్గురున్నారు ఊళ్ళో. వెళ్ళి చెప్తాను."

"వాళ్ళకా? ఆ రోజే గుర్తుండదు వాళ్ళకి." బావ తీగని కిటికీ గట్టు మీద పెట్టాడు. "గుర్తున్నది మనిద్దరికే."

గోడకి ఆనించిన గిటార్ తెచ్చుకున్నాడు. వంగలేక ఆగిపోతే మేస్త్రి మూలనున్న స్పీకరు డబ్బా దగ్గరికి జరిపి ముందు దాని ప్లగ్గు పెట్టాడు, తర్వాత గిటార్ వైరు తగిలించాడు. వాల్వులు కాగేదాకా ఇద్దరూ వాటినే చూశారు. బావ ఒక్క స్వరం మీటాడు. అది గది నిండి, గిన్నెల మీదుగా వంటింట్లోకి వెళ్ళింది. పాట ఎత్తుకోబోయాడు గానీ చిటికెనవేలు సాగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మూడోసారి చెయ్యి తీగల మీద ఆనించి శబ్దాన్ని ఆపేశాడు, స్విచ్చి కట్టేశాడు.

"లేవండి, అన్నం చల్లారిపోతోంది," అంది అక్క. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. తమ్ముడి మొహం చూడలేదు, కంచం మాత్రం మూడోది పెట్టింది.

బావ నడుం పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. మేస్త్రి ఎదురుగా కూర్చున్నాడు. అక్క ఇద్దరికీ వడ్డించి, తనూ వడ్డించుకుంది. చల్లారుతున్న పెట్టెలో రేకులు టిక్కుమంటున్నాయి. బావ కూరగిన్నె తన దగ్గరికి లాక్కుని వేసుకున్నాడు, తర్వాత దాన్ని ఎదరకి నెట్టాడు. మేస్త్రి వేసుకున్నాడు. ముగ్గురూ తలలొంచుకుని తిన్నారు. ఎవరూ ముందు లేవలేదు.