కరిగెటలో గెలిచిన బండి

మెకానికల్ బ్రాంచి మొదటి క్లాసు. గది పెద్దది, మనుషులు తక్కువ. ముందు బెంచీలు నిండాయి, వెనకంతా ఖాళీ. చక్రవర్తి సార్ పాఠం మొదలుపెట్టకుండానే చాక్‌పీసు బల్ల మీద పెట్టి అడిగారు.

"కంప్యూటర్ బ్రాంచిలో సీట్లు మిగిలాయి. మారాలనుకునేవాళ్లు మొహమాటపడకండి, చేతులెత్తండి."

అక్కడొకటి ఇక్కడొకటి చేతులు లేచాయి. సార్ చూపు అంకిత మీద ఆగింది. ఆమె ర్యాంకు ఆయనకు తెలుసు. "నీకు అడిగితే చాలు, ఇస్తారమ్మా. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకునే వచ్చిన సార్. నాకు బండ్లంటే పానం."

క్లాసంతా నవ్వింది. అంకిత తల దించుకోలేదు. ఉన్నమాటే అన్నది.

వాళ్లది కోటగిరి దగ్గర పల్లె. నిజాంసాగర్ కాలువ కింద వరి, కొంచెం చెరకు. హైస్కూల్లో ఉన్నప్పుడే వాళ్ల బాపు మల్లికార్జున్ పక్కన కూర్చుని ట్రాక్టర్ నేర్చుకుంది. ఇంట్లో పాత మోపెడ్ మొరాయిస్తే తనే కార్బురేటర్ విప్పి, కడిగి, మళ్లీ బిగించింది. చివరికి ఒక స్క్రూ మిగిలిపోయింది. బండి మాత్రం నడిచింది.

కాలేజీ సీటు ఎంచుకునే నాడు బాపు బతిమాలాడు. "ఊరంత కంప్యూటరే అంటున్నది బిడ్డా. రేపు నౌకరి దొరక్కపోతే నన్నే అంటవు."

నాయనమ్మ హన్మవ్వ అడ్డం పడింది. "ఇష్టంలేని పెండ్లి, ఇష్టంలేని సదువు రెండూ ఒక్కతీర్గనే ఉంటయిరా. పొల్లను దాని తొవ్వల పోనియ్యి."

అలా నిజామాబాద్ హాస్టల్‌కు వచ్చింది.

వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఒక బండి ఉంది. ఇనుప గొట్టాల చట్రం, మోటర్‌సైకిల్ ఇంజను, ఒక్కరు కూర్చునే సీటు. కాలేజీల మధ్య జరిగే బురద పందెం కోసం సీనియర్లు చేసిన బండి అది. మొదటి గుంటలోనే దిగబడిందట. ఆ తర్వాత దాని మొహం చూసినవాళ్లు లేరు.

"సార్, ఆ బండిని మేం బాగుచేస్తం," అంది అంకిత చక్రవర్తి సార్‌తో.

"ఫస్టియర్‌లో ముందు ఆకురాయి పట్టడం నేర్చుకోవాలి. బండి సంగతి తర్వాత."

మర్నాడు మళ్లీ అడిగింది. ఆ తర్వాత తన క్లాసు ఉదయశ్రీని వెంటబెట్టుకుని వెళ్లింది. ఉదయశ్రీది బోధన్ పక్క ఊరు. వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొన్నారు. ఆమె గీసే డ్రాయింగులో గీత అటూ ఇటూ పోదు.

"మీరు లేకుండా స్టార్ట్ చెయ్యమండీ. ఒట్టు," అంది ఉదయశ్రీ.

సార్ షెడ్డు తాళంచెవి ఇచ్చారు.

తుప్పు గీకారు, ఆయిలు మార్చారు, ఇంజను పలికింది. అంకితకు కాలు నిలవలేదు. బండి దిగబడిందంటే టైర్లు చిన్నవన్నమాట, పెద్దవి వేస్తే సరి అనుకుంది. తెలిసిన మెకానిక్కును అడిగి గట్టి పళ్లున్న పెద్ద టైర్లు తెచ్చింది.

"ఒకసారి లెక్క వేసుకుందామే," అంది ఉదయశ్రీ.

"లెక్కెందుకు? చూస్తుండు, ఎట్ల ఉరుకుతదో."

కాలేజీ వెనక నీళ్లు పట్టి తడిపిన మడిలో నడిపి చూశారు. టైరు కొంచెం తిరిగి ఆగిపోయింది, ఇంజను గురకపెట్టింది. అంకిత పట్టుదలకు పోయి ఇంకా రేసు పెంచింది. టప్పున చైను తెగి కవరుకు కొట్టుకుంది. సార్ పరుగున వచ్చి ఇంజను ఆపారు.

"తప్పు నాదే సార్," అంది అంకిత.

ఆయన తిట్టలేదు. షెడ్డు గోడ మీద చాక్‌పీసుతో రెండు చక్రాలు గీశారు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. "టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. కానీ నేలను నెట్టే బలం తగ్గుతుంది. మరి ఆ బలం తిరిగి రావాలంటే?"

అంకిత బొమ్మనే చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి అరిచింది. "వెనక చైను చక్రం పెద్దది వెయ్యాలె! వేగం తగ్గుతది, బలం వస్తది. నాటుకు దున్నిన బురదల, కరిగెటల ట్రాక్టర్‌ను చిన్న గేరుల నడిపినట్టు!"

"ఎంత పెద్దది?" అన్నారు సార్.

అంకిత చాక్‌పీసు అందుకుంది. ఆమె, ఉదయశ్రీ నేల మీద కూర్చుని లెక్క వేశారు. అంకిత రెండుసార్లు తప్పు చేసింది, ఉదయశ్రీ దిద్దింది. చివరికి ఎన్ని పళ్ల చక్రం కావాలో తేలింది. ఇన్నేళ్లూ పొలంలో స్టీరింగు పట్టుకున్న చేతికి తెలిసింది ఇప్పుడు గోడ మీద అంకెలై కనబడుతోంది. అంకితకు హాస్టల్‌కు పోబుద్ధి కాలేదు. ఇందుకే కదా ఇక్కడికి వచ్చింది!

పందెం బోధన్ అవతల, కాలువ పక్కన కోసేసిన వరి పొలంలో పెట్టారు. నీళ్లు పెట్టి దున్నితే అంతా కరిగెట అయింది. హైదరాబాద్ నుంచి కూడా బండ్లు వచ్చాయి. వాటిలో ఒక ఎర్రబండి తళతళా మెరుస్తోంది. గట్టు మీద బాపూ, కొంగు నడుముకు దోపుకున్న హన్మవ్వా ముందే నిలబడ్డారు.

ఎర్రబండి రివ్వున దూకింది. కొత్త చైను, పెద్ద పళ్లచక్రం బిగించిన అంకిత బండి వెనక నింపాదిగా పోయింది. మొదటి గుంట దాటింది, రెండోదీ దాటింది, మిగతా బండ్లు వెనకబడ్డాయి. ఆఖరి గుంట లోతు ఎక్కువ. ముందు పోతున్న ఎర్రబండి గట్టిగా రొదపెట్టి, ఇరుసుదాకా దిగబడింది. అంకిత పక్కనుంచి తిప్పింది. ఆమె బండి కూడా కుంగింది.

"రేస్ ఇయ్యి! రేస్ ఇయ్యి!" గట్టంతా ఒకటే కేక.

అంకిత పాదం సగం ఎత్తేసింది. గట్టిగా తొక్కితే చక్రం గొయ్యి తవ్వుకుంటుంది తప్ప బయటికి రాదు. స్టీరింగు ఎడమకు, కుడికి మెల్లగా ఊపింది. చక్రం జారింది. మళ్లీ ఊపింది. ఈసారి టైరు పళ్లకు కింద గట్టినేల తగిలింది. ఆ పట్టు తన వెన్నుకే తెలిసినట్టయింది. అప్పుడు కొంచెం కొంచెంగా తొక్కింది. బండి కదిలింది. బురద కారుతూ ముక్కు ఎత్తి, గట్టెక్కి, గెలుపు గీత దాటింది.

ఉదయశ్రీ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. చక్రవర్తి సార్ చేతులెత్తి కేకలేస్తున్నారు, ఆయన్ను అలా ఎవరూ చూసి ఎరగరు.

మైకులో వాళ్ల కాలేజీ పేరు మొదటి బహుమతికి పిలుస్తుండగానే ఎర్రబండి అబ్బాయి గుంటలోంచి చెయ్యి ఊపాడు. "మేడమ్, జర మమ్మల్ని గూడ గుంజుండ్రి!"

తాడు కట్టారు. అంకిత గట్టినేల మీద నుంచి బండిని మెల్లగా పోనిచ్చింది. తాడు బిగుసుకుంది. ఎర్రబండి కదిలి, వెనకే గట్టెక్కింది. ఈలలతో పొలం దద్దరిల్లింది.

"మా పొల్ల! గా బండి నడిపింది మా పొల్ల!" బాపు ఎవరెవరి భుజాలో పట్టుకుని చెబుతున్నాడు.

హన్మవ్వ మాత్రం చీర మోకాళ్లదాకా ఎత్తిపట్టి తిన్నగా బండి దగ్గరికొచ్చింది. "దిగు బిడ్డా. నేను గూసుంట."

"నీకు నడపరాదు కదా నాయ్నమ్మా!"

"నువ్వు నూకు. నేను తిప్పుత."

సీట్లో కూర్చుంటే ఆమె కాళ్లు కిందికి అందలేదు. అయినా స్టీరింగు రెండు చేతులా పట్టుకుంది. అంకిత, ఉదయశ్రీ, సార్, బాపు, ఎర్రబండి పిల్లలు అందరూ కలిసి వెనకనుంచి తోశారు. బండి కదలగానే ముసలామె గొంతు పెద్దది చేసింది.

"జరుగుండ్రి! పక్కకు జరుగుండ్రి! బండొస్తున్నది!"