ఇంటిబండి గ్యారంటీ

సుధామణికి కాగితం కనబడితే చాలు, చదవకుండా ఉండలేదు. బిస్కెట్ పొట్లం మీద రాసింది, మందుసీసా చుట్టూ సన్నగా అచ్చేసింది, బస్సు టిక్కెట్టు వెనక ఉన్న నిబంధనలు, అన్నీ కావాలి ఆవిడకి. చదివి ఊరుకుంటుందా? ఎవరో ఒకరిని పట్టుకుని "ఇదెందుకలగ రాసినారు?" అని అడిగి తీరాలి. బర్మాలో రంగూన్ పక్కనున్న తన్లిన్‌లో వాళ్ళ వీధి మందులకొట్టు ఆయన ఆవిణ్ణి దూరం నుంచి చూడగానే భోజనానికి లేచిపోతాడని బర్మావాడైన మొగుడు టిన్ ఆంగ్, ఆవిడ దగ్గర నేర్చిన తెలుగులోనే వేళాకోళం చేస్తుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు, నేనూ చూశాను.

అలాంటి మనిషి ఏకంగా ఇల్లు అమర్చిన బండి కొనడానికి వెళ్ళింది. ఇక అమ్మేవాడి అవస్థ మీరే ఊహించుకోండి.

ఆ మొగుడూపెళ్ళాలది తోషే వ్యాపారం. మన దోసెకే బర్మాలో ఆ పేరు. వానలు వెనకపట్టాక పగోడాల దగ్గర తిరనాళ్ళు మొదలవుతాయి. ఒక ఊరు అయ్యాక ఇంకో ఊరు, ఎండాకాలం దాకా తిరుగుడే. టిన్ ఆంగ్ పెనం మీద పిండి పోసి తిప్పుతాడు, సుధామణి శనగలు, కొబ్బరి చల్లి మడిచి ఇస్తుంది. రాత్రికి టార్పాలిన్ కింద నేల మీదే పడక. కిందటేడు బగో వైపు తిరనాళ్ళలో అదను కాని వాన కురిసి పక్కంతా తడిసింది. టిన్ ఆంగ్‌కి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. చావు తప్పింది గాని, "ఇంకొక్కసారి తడి పక్క మీద పడుకున్నావంటే మళ్ళీ నా దగ్గరికి రాకు" అని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. అప్పట్నుంచి చినుకు చప్పుడు వింటే చాలు, ఎంత నిద్రలో ఉన్నా ఆయన లేచి కూర్చుంటాడు.

పొడి పక్క లేకపోతే ఆయన్ని ఇంట్లో వదిలేసి ఆవిడొక్కతే వెళ్ళాలి. పెళ్ళయిన నాటినుంచీ పక్కన నిలబడ్డ మనిషి లేకుండా పెనం ముందు నిలబడడం! అది సుధామణి వల్ల కాదు. అందుకే ఇంటిబండి.

రంగూన్ శివారు లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీల వెనక మిన్ తు అనే కుర్రాడికి ఒక షెడ్డు ఉంది. పాత జపాను మినీబస్సుల సీట్లు పీకేసి లోపల మంచం, పొయ్యి, అలమర, నీళ్ళ గొట్టం అమర్చి అమ్ముతాడు. వాళ్ళ అమ్మమ్మ కూడా సుధామణి వాళ్ళలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళ మనిషే కాబట్టి తెలుగు బాగానే అర్థమవుతుంది. సంతకాల రోజున ఆ అర్థం కావడమే అతని ప్రాణం మీదికి వచ్చింది.

"ఏటి బాబూ, ఇందులో గేరంటీలు రెండున్నాయేటి?" అంది సుధామణి, కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని.

"రెండూ వేరే ఆంటీ. ఇంజను, చక్రాలు, బ్రేకులు బండి పార్టు. సంతకం పెట్టిన రోజు నుంచి ఆరు నెలలు. కప్పు, మంచం, గొట్టాలు ఇంటి పార్టు. దానికి మూడు నెలలు."

"ఈటికి ఎప్పట్నుంచి? ఇక్కడ 'కొన్నవారు కాపురం చేరిన రోజు నుంచి' అనుంది. ఒకటలగ, ఒకటిలగ ఎందుకు?"

మిన్ తు బుర్ర గోక్కున్నాడు. "ఏమో ఆంటీ. ఫ్రెండు రాసిచ్చాడు, ఏదో పైదేశం కంపెనీ కాయితం చూసి."

"నువ్వు సదవనేదా?"

"అంతా ఎవరు చదువుతారు ఆంటీ?"

"నాను," అంది సుధామణి, పేజీ తిప్పుతూ. "మరిదేటి? కప్పుకి కొన్నవాళ్ళు కన్నం పెడితే గేరంటీ పోద్దంట?"

"పైన ఒకటే రేకు ఆంటీ. కన్నం పడితే నీళ్ళు దిగుతాయి."

ఈ ప్రశ్నలన్నీ నడుస్తున్నంతసేపూ టిన్ ఆంగ్ బండిలో మంచం మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు పడతాయో లేదో చూసుకుంటున్నాడు. పట్టాయి. దిగి వచ్చి సంతకం పెట్టేశాడు.

కొనడమైతే కొన్నారు గాని వెంటనే చేరలేదు. అది వాసో మొదలైన నెల. ఆ మూడు నెలల వానాకాలపు వ్రతంలో బౌద్ధులు పెళ్ళి చేసుకోరు, ఇల్లు మారరు. "బండే కదా" అని సుధామణి అంటే, "మంచముంది, పొయ్యుంది, అది ఇల్లు కాకపోతే మరేటి?" అని టిన్ ఆంగ్ భీష్మించుకున్నాడు. ఆషాఢమని అటు ఆవిడకీ లోపల శంకగానే ఉంది. బండిని టార్పాలిన్ కప్పి సందులో నిలబెట్టారు.

వ్రతం ముగిసి, దీపాల పండుగ తడింజుత్ వెళ్ళాక ముసుగు తీశారు. సుధామణి బండిలో పాలు పొంగించింది. టిన్ ఆంగ్ ఒక బల్ల తగిలించి దాని మీద బుద్ధుణ్ణి, పక్కనే భార్య తెచ్చుకున్న నూకాలమ్మ పటాన్ని పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ వారంలోనే వెళుతూ వెళుతూ ఒక వాన కురిసింది. పొద్దున చూస్తే మంచం మీద కాళ్ళ వైపు పరుపు పిండితే కారేలా ఉంది. టిన్ ఆంగ్ ఆ పరుపు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. మొదటి తిరనాళ్ళు ముంచుకొస్తున్నాయి. సుధామణి కాగితం సంచిలో పెట్టుకుని "పద" అంది.

షెడ్డులో మిన్ తు వాళ్ళని చూసి నవ్వాడు, సంగతి విని నవ్వు ఆపాడు. "సంతకమయ్యి మూడు నెలలు దాటిపోయింది ఆంటీ. గేరంటీ అయిపోయింది."

"సంతకం నుంచి బండికి. ఇంటికి కాపురం చేరినకాడ్నుంచి. నీ కాయితమే, సదువు." ఆవిడ వేలు పెట్టి చూపించింది. "మేం మొన్నే చేరినాం."

"అంతకాలం ఎందుకు చేరలేదు?"

"వాసోలో కొత్తింట్లో చేరతారేటి బాబూ? మీ యమ్మ చేరుద్దేటి?"

"అమలే, బాబోయ్! అమ్మ నన్ను చంపేస్తుంది."

"అయితే ఇది ఇల్లే గదా?"

మిన్ తు కాగితం చూశాడు, బండి చూశాడు. "ఇల్లే" అని ఒప్పుకున్నాడు. కుర్రాడు చెడ్డవాడు కాడు, తన కాగితం తాను చదువుకోలేదు, అంతే. కాని కప్పు కారుతుందంటే మాత్రం అతనికి రోషం వచ్చింది. "నా పని కారదు. మీరు కిటికీ తీసి ఉంటారు" అన్నాడు.

"అలగా? అయితే నువ్వే పడుకో."

షెడ్డులో పనివాడు నిచ్చెనెక్కి కప్పు మీద గొట్టంతో నీళ్ళు వదిలాడు. మిన్ తు కిటికీలన్నీ బిగించి, చెప్పులు విడిచి, మంచం మీద చేతులు కట్టుకుని పడుకున్నాడు. సుధామణి తలుపు దగ్గర నిలబడింది. కాసేపు ఏమీ లేదు. మిన్ తు గెలిచినట్టు కనుబొమలెగరేశాడు. అంతలో టప్పున ఒక చుక్క అతని పాదం మీద పడింది. మళ్ళీ ఒకటి.

"సరే ఆంటీ," అన్నాడు లేచి కూర్చుంటూ, మొహం చిన్నబుచ్చుకుని. "కప్పు నడుమ గాలి రావడానికి పెట్టిన గాలిమూత ఉంది కదా, దాని పట్టీ వదిలి ఉంటుంది. సందులు పూడ్చే మందు పెట్టేస్తాను. ఫ్రీ."

అక్కడితో ఊరుకుంటే ఆవిడ సుధామణి ఎందుకవుతుంది? గాలిమూత చుట్టూ చెయ్యి పెట్టి చూసింది. ఎండుగా ఉంది. మరి నీళ్ళెక్కడివి? చుక్క పడ్డ చోట లోకప్పు అట్టని వేలితో తడుముతూ, తడి ఎటు పాకిందో అటే వెళ్ళింది. కాళ్ళ వైపు నుంచి నడుముకి, నడుము నుంచి తలవైపుకి. వేలు వెళ్ళి బుద్ధుడి బల్ల దగ్గర ఆగింది. బల్లని పైకప్పుకి పట్టి ఉంచిన పొడుగాటి మరమేకులు రెండూ తడిసి మెరుస్తున్నాయి.

కప్పుకి కన్నం పెడితే గ్యారంటీ లేదు. ఆ సంగతి తానే అడిగింది, తానే విన్నది, మొగుడికి చెప్పడం మాత్రం మరిచిపోయింది. మిన్ తు ఇంకా గాలిమూత వైపే చూస్తున్నాడు. నోరు మూసుకుంటే ఆ మూతకే మందు పెట్టి పంపిస్తాడు. కాని మేకుల దగ్గర నీళ్ళు దిగుతూనే ఉంటాయి, పక్క తడుస్తూనే ఉంటుంది. ఉన్న డబ్బంతా బండికే పెట్టేశారు. చెపితే గ్యారంటీ పోతుంది, చెప్పకపోతే మనిషే పోతాడు.

"గాలిమూత కాదు బాబూ," అంది. "ఇటు సూడు."

మిన్ తు చూశాడు. తలుపు దగ్గరికి వచ్చిన టిన్ ఆంగ్ కూడా చూశాడు.

"నానే కొట్టినాను. పక్కన అద్దాలే ఉన్నాయి, మేకు మరెక్కడా ఆనలేదు," అన్నాడు మెల్లగా. తరవాత భార్యతో, "పోనీలే సుదా. ఈయేడు నువ్వెల్లు. నానింటికాడుంతాను" అన్నాడు.

ఆ మాటతో సుధామణికి తిక్కరేగింది. ఎవరి మీదో ఆవిడకే తెలీదు. మిన్ తు వైపు తిరిగింది.

"బాబూ, మీ ఇంట్లో బుద్దుడెక్కడుంటాడు?"

మిన్ తు ఆలోచించకుండానే రెండు చేతులూ జోడించి తల పైకి ఎత్తాడు.

"పైన గదా? మరిందులో సూడు. లోటా తగిలించడానికి కొక్కెమెట్టినావు. గొడుక్కి సోటెట్టినావు. ఫోనుకి కరంటెట్టినావు. మొకం సూసుకోడానికి అద్దమెట్టినావు. ఆయనకేది సోటు? ఇల్లని నాకమ్మినావు, ఇల్లని ఇందాకే ఒప్పుకున్నావు. దేవుడికి సోటు నేని ఇల్లు మీ యమ్మ ఒప్పుకుంతాదేటి? కన్నం మావాడే పెట్టినాడు, నాను కాదన్ను. ఎందుకు పెట్టవలిసొచ్చిందో నువ్వే సెప్పు."

మిన్ తు మంచం మీది నుంచి లోపలంతా కలియజూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. షెడ్డులో ఇంకా తయారవుతున్న రెండు బళ్ళ వైపు కూడా చూశాడు. తరవాత కిందికి దిగి, కుళాయి దగ్గర చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చాడు.

"ఉలే, బుద్ధుణ్ణి మీరు పట్టుకోండి," అని బర్మావాళ్ళ బాబాయ్ వరస కలిపి అన్నాడు టిన్ ఆంగ్‌తో. "అమ్మవారి పటం ఆంటీకి ఇవ్వండి. ఇది నా పనే. నేనే పెట్టి ఇవ్వాల్సింది."

మేకులు ఊడదీశాడు. పైనుంచి రేకు ముక్క వేసి చుట్టూ మందు పూశాడు. బల్లకి అద్దాల నడుమ ఉన్న స్తంభాల నుంచి ఇనప చేతులు అతికించి, మునుపటి ఎత్తులోనే కూర్చోబెట్టాడు. ఈసారి బల్లకీ కప్పుకీ సంబంధమే లేదు. మందు ఆరేదాకా ముగ్గురూ టీ తాగారు. మధ్యాహ్నం దాటాక మిన్ తు మళ్ళీ నిచ్చెన వేశాడు, ఈసారి గొట్టం తానే పట్టుకుని ఎక్కాడు.

"నువ్వు పడుకో," అంది సుధామణి మొగుడితో. షెడ్డులో ఉన్న పొడి పరుపు ఒకటి తెచ్చి పరిచి ఉంది.

నీళ్ళు కప్పు మీద దడదడమని పడ్డాయి. టిన్ ఆంగ్ ఉలిక్కిపడి లేవబోయాడు. ఆవిడ ఆయన గుండె మీద చెయ్యి వేసి నొక్కింది. "కదలకు. సూద్దాం." ఇద్దరూ పైకి చూస్తున్నారు. ఆవిడ రెండో చెయ్యి ఆయన పాదాల మీద చాపి ఉంది, చుక్క పడితే ముందు తనకే తెలియాలని. చెయ్యి పొడిగానే ఉంది. చాలాసేపు పొడిగానే ఉంది. ఆయన గుండె మొదట ఆవిడ అరచేతి కింద గబగబా కొట్టుకుంది, తరవాత నెమ్మదించింది. చూస్తే కళ్ళు మూతపడ్డాయి. నోరు కొంచెం తెరుచుకుని గురక మొదలైంది. సుధామణికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆంటీ!" పైనుంచి మిన్ తు కేకేశాడు. "కారట్లేదు కదా? నీళ్ళు ఆపెయ్యనా?"

"ఆపకు బాబూ," అంది సుధామణి, గొంతు తగ్గించి. "ఇంకాసేపు పొయ్యి. మావాడు నిద్దరోతన్నాడు."