పేజీ అడుగున పేరు

వాషింగ్ మెషిన్ మీద లాప్‌టాప్ తెరిచి పెట్టి, ఆమె తడిబట్టలు విదిలిస్తోంది. రాసిన కోడ్‌ని లాప్‌టాప్ పరీక్షించడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ ఇరవై నిమిషాల్లో రెండు బకెట్ల బట్టలు ఆరేయొచ్చని ఆమె కనిపెట్టింది. ఆమె కనిపెట్టినవాటిలో ఆమె పేరు మీద మిగిలింది బహుశా ఇదొక్కటే.

"నా నీలం చొక్కా ఎక్కడా?" గదిలోంచి భర్త కేక.

"అల్మారాలో, రెండో అరలో."

"కనపడదే!"

కనపడదు. పదిహేనేళ్లుగా ఆయనకి రెండో అర కనపడలేదు. ఆమె చేతులు తుడుచుకుని వెళ్లి చొక్కా తీసిచ్చింది. "ఇదిగో ఇక్కడుందని ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

ఇలాంటివి పడలేకే ఆమె ఒకసారి కూర్చుని ఇల్లంతా కాగితం మీద పెట్టింది. అత్తగారి మాత్రలు, నీళ్ల మోటారు వేసే వేళలు, మెషిన్ గడగడలాడితే ఏం చేయాలి, అన్నీ వరసగా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. చివర్లో బుద్ధి గడ్డితిని 'తెలియకపోతే నన్ను అడగండి' అని ఒక ముక్క చేర్చింది. ఇంటిల్లిపాదీ పైనున్నదంతా వదిలేసి తిన్నగా ఆ చివరి ముక్క దగ్గరికే వెళ్లేవాళ్లు.

ఆఫీసులో కూడా ఆమెది రాతపనే అని అందరి నమ్మకం. ఆమె టీమ్ తయారుచేసేది ఒక కంపైలర్. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చేది కంపైలర్. చెప్పినదాన్ని చెప్పినట్టు, ఒక్క అర్థమూ జారకుండా అటు చేరవేయాలి. కొడుకు మాట తల్లికీ తల్లి మాట కొడుక్కీ నొప్పి తగలకుండా చేరవేసే కోడలికి ఇదేమంత కొత్త విద్య కాదు. ఆ ఆజ్ఞల్ని పుట్టించే భాగాన్ని కోడ్ జనరేషన్ అంటారు. గౌరవమంతా అక్కడే ఉంటుంది. ఎలా వాడాలో జనానికి వివరించే పేజీలు రాసే భాగం డాక్యుమెంటేషన్. "ప్రస్తుతానికి దీంతో మొదలుపెట్టండి, తర్వాత చూద్దాం," అని ఎనిమిదేళ్ల కిందట ఆమెని అందులో కూర్చోబెట్టారు. ఇంకా చూస్తున్నారు. ఆఫీసంతా ఆమెని 'డాక్స్ అక్క' అంటారు. ఆమెకన్నా ఆరేళ్లు చిన్నవాడైన టీమ్ లీడ్ మాత్రం, "మేడమ్, మీ ఓపిక మాకెవరికీ లేదు," అంటాడు. తెలివి అనే మాట కూర్చోవాల్సిన కుర్చీలో ఓపిక అనే మాటని కూర్చోబెట్టి దండ వేస్తారని ఆమెకి అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ ఓపికతోనే రెండేళ్లు కష్టపడి ఆమె ఒక టూల్ తయారుచేసింది. పేజీల్లో ఉన్న ప్రతి ఉదాహరణనీ అది తమ కంపైలర్‌తోనే నడిపి, పేజీలో రాసిన జవాబు రాకపోతే ఎర్రగీత పెడుతుంది. పోయిన నెల ఒక చోట ఎర్రగీత పడింది. "మీ ఉదాహరణే తప్పయ్యుంటుంది అక్కా," అన్నారు కుర్రవాళ్లు. నాలుగు రోజులు తవ్వింది. పేజీ ఒప్పు, కంపైలరే తప్పు. పది సార్లు తిరగాల్సిన లెక్కని తొమ్మిది సార్లు తిప్పి, చివరిదాన్ని గుటుక్కున మింగేస్తోంది. ఆమె పదకొండు మార్పులు చేసి, ఏ మార్పు ఎందుకో పక్కన రాసి, దాన్ని సరిచేసింది. ఆ విషయం మీదున్న పేజీలన్నీ తిరగరాసింది.

వాళ్ల టీమ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. మార్పుల్ని అసలు ప్రాజెక్టులో కలిపేటప్పుడు ముక్కలన్నీ ఒకే మూటగా కడతారు. మూట మీద కట్టినవాడి పేరే పడుతుంది. మోసమేం కాదు, సౌకర్యం. ఈసారి మూట కట్టింది లీడ్. రాసినవాళ్ల పేరు పేజీ అడుగున అచ్చువేసే ఏర్పాటు ఆమె టూల్‌లోనే ఉంది. ఆ పేరుని అది మూట మీంచే తీసుకుంటుంది. బట్టలు ఆరేసి వచ్చి చూస్తే, తెరమీద నలభై మూడు పేజీలు తయారై ఉన్నాయి. నలభై మూడింటి అడుగునా లీడ్ పేరు, ఆమె స్వయంగా ఎంచిన అందమైన అక్షరాల్లో.

తొమ్మిదిన్నరకి వీడియో మీటింగ్. కోడ్ జనరేషన్ బాధ్యత తనకి కావాలని నెల మొదట్లోనే ఆమె రాసి అడిగింది. ఇవాళ చెబుతామన్నారు.

"కోడ్ జనరేషన్ ఇకనుంచి నేనే చూస్తాను," అన్నాడు లీడ్. "ఆ బగ్ సరిచేశాక పైవాళ్లు నన్నే చూడమన్నారు. డాక్యుమెంటేషన్‌కి మన మేడమ్ ఎలాగూ మహారాణి!"

"ఆ బగ్ సరిచేసింది నేను," అంది ఆమె.

ఒక్క క్షణం అందరి ముఖాలూ ఫొటోల్లా నిలిచిపోయాయి. నెట్ ఆగిందేమో అనుకుంది. ఆగలేదు.

"అయ్యో, అది అందరికీ తెలుసు కదా మేడమ్! ఒక టీమ్‌లో నీదీ నాదీ ఏంటి?"

తెలియాల్సిన ఆ పైవాళ్లు తప్ప అందరికీ తెలుసు. సొమ్మొకడిది, సోకొకడిది.

గుమ్మంలో బూటు లేసులు కట్టుకుంటున్న భర్త తలెత్తి చూశాడు. "నలుగురిలో అలా అనేస్తావా? పేరులో ఏముందే?" పోయిన వారమే ఈయన స్నేహితులకి ఫ్రిజ్ మీది కాగితం చూపించి, "మేం ఇంట్లో అన్నీ పద్ధతిగా రాసిపెట్టుకుంటాం," అన్నాడు. ఆ 'మేం' కూడా మూటే.

మధ్యాహ్నం అత్తగారు మాత్రల డబ్బాతో వచ్చారు. "ఇప్పుడు వేసుకునేది తెల్లదా, పసుపుదా?"

"కాగితం మీద ఉంది, అత్తయ్యా."

"చూపు ఆనదమ్మాయ్." కుర్చీలో కూలబడి ఆవిడ కాసేపు ఫ్రిజ్ వైపే చూశారు. "నువ్వు రాకముందు ఈ ఇంట్లో అందరూ నన్నే అడిగేవాళ్లు. మీ మామగారు జేబురుమాలు కోసం కూడా నన్ను స్నానం మధ్యలోంచి లేపేవారు. మొన్న నీ మొగుడు ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు, మా అమ్మకి పాపం ఏమీ తెలీదని."

ఏడవలేదు ఆవిడ. నవ్వబోయారు, అదీ రాలేదు. ఆమె పసుపు మాత్ర తీసి, నీళ్లతో పాటు చేతిలో పెట్టి, ఆవిడ మింగేదాకా పక్కనే నిలబడింది.

తర్వాత లాప్‌టాప్ ముందు కూర్చుంది. చదివేవాళ్లకి సందేహం వస్తే అడగడానికి ప్రతి పేజీలోనూ ఒక పెట్టె ఉంటుంది. ఆ ప్రశ్న పేజీ అడుగున పేరున్న మనిషికి వెళ్లాలి. కానీ ఎవరూ జవాబివ్వడం లేదని, ఎవరి పేరున్నా తనకే వచ్చేలా రెండేళ్ల కిందట ఆమె టూల్‌లో ఒక వరుస కోడ్ చేర్చింది. ఎవరూ చేర్చమనలేదు, చేర్చిందని ఎవరికీ తెలియదు. ఆ వరుసని ఇప్పుడు తీసేసింది.

మూడింటికల్లా లీడ్ ఫోన్. "మేడమ్, మీ టూల్‌లో ఏదో తేడా వచ్చింది. ప్రశ్నలన్నీ నాకొస్తున్నాయి!"

"తేడా ఏం లేదండి. పేజీ మీద ఎవరి పేరుంటే వాళ్లకే వెళ్తాయి."

"వీటికి నేనేం చెప్పను మేడమ్?"

"పేజీలో అంతా ఉందండి. ఓపిగ్గా చదవండి."

సాయంత్రం భర్త ఫ్రిజ్ ముందు నిలబడి, "మోటారు ఎప్పుడు వేయాలే?" అని కేకేశాడు. కాగితం చివర 'నన్ను అడగండి' అన్న ముక్క మీద అడ్డంగా సిరాగీత ఉంది. ఆయన ఇంకా చూడలేదు. ఆమె అత్తగారి పక్కన కూర్చుని ఉంది, లేవలేదు. ఏడాది చివర తన పనితీరు నివేదికలో 'సహకారం తక్కువ' అని రాస్తారని ఆమెకి తెలుసు. ఆ నివేదిక మీద మాత్రం ఆమె పేరు ఏ పొరపాటూ లేకుండా పడుతుంది.