పదకొండు కార్డులు

పిన్ని రోజూ ఆరింటికి ఇస్త్రీ షాపు తెరిచేది. షర్టుకి మూడు నిమిషాలు, ప్యాంటుకి నాలుగు, చీరకి తొమ్మిది. పదింటికల్లా నలభై బట్టలకి మడతలు పడేవి. ముఖం మాత్రం రోజుకొకటి. నిన్న కోలముఖం, చట్టిముక్కు. ఇవాళ గుండ్రటి బుగ్గలు, కలిసిపోయిన కనుబొమ్మలు. వీధిలో ఎవరూ దాన్ని పట్టించుకునేవారు కాదు.

"ఇవాళ్టి ముఖానికి నిద్ర చాలినట్టు లేదు పిన్నీ" అనేవాడు పక్క కొట్లో తాళాలు బాగుచేసే అతను.

"ముఖానిదేముందిరా, నడుం పాతదే కదా. అది రోజూ నొప్పే."

కార్డులొచ్చాక చిక్కొచ్చి పడింది. నెలాఖరులోగా అందరూ ఫోటో కార్డు తీసుకోవాలి. ఒకటో తారీఖు నుంచి ప్రతి మలుపులోనూ మెషీన్. ముఖమూ కార్డూ కలిస్తే పచ్చ దీపం. కలవకపోతే ఎర్ర దీపం, వెంటనే వ్యాను.

"మంచిదే, దొంగలు దొరుకుతారు" అన్నారు ఎదురింటి మాస్టారు, బట్టల కోసం వచ్చి. "తప్పు చెయ్యనివాడికి భయం దేనికి?"

"మొన్న మీ స్నానాలగదికి నాచేత గడియ పెట్టించుకున్నారుగా. లోపలేం తప్పు చేస్తున్నారు మాస్టారూ?" అన్నాడు తాళాలతను.

పిన్ని పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక ఇస్త్రీపెట్టె కూడా ఉన్నచోటే ఆగిపోయింది. మాస్టారి చొక్కా మీద గోధుమరంగు మచ్చ పడింది. ముప్పై ఏళ్లలో అదే మొదటిది.

పిన్ని పెంచుకున్న అక్కకూతురు కార్డుల ఆఫీసులోనే ఫోటోలు తీసేది. పిన్నికి తనే కార్డు చేసింది. మర్నాటి ముఖానికి అది కలవలేదు. ఆ ముఖానికి ఇంకోటి చేసింది. అమ్మాయి లెక్క అమ్మాయికుంది. ముఖాలు ఎన్నని ఉంటాయి? ఎప్పుడో ఒకప్పుడు పాతది తిరిగొస్తుంది. అన్నిటికీ కార్డులుంటే ఏ రోజుది ఆ రోజు పట్టుకెళ్లొచ్చు. పదకొండు రోజుల్లో పదకొండు కార్డులయ్యాయి. ఒక్క ముఖమూ రెండోసారి రాలేదు.

పన్నెండో రోజు ఆఫీసరు అమ్మాయిని పిలిచి తలుపు వేశాడు.

"మీ ఇంటి నంబరు మీద నువ్వు కాక పదకొండుమంది ఆడవాళ్లున్నారు. ఇల్లేమో రెండు గదులు."

"అందరూ మా పిన్నేనండీ. ముఖం మారుతుంది."

"అది నాకూ తెలుసమ్మా. మెషీన్‌లో ఆ గడి లేదు." ఆయన తలెత్తలేదు. "పదకొండుమందిలో ఒకరే కనిపిస్తే, మిగతా పదిమందినీ దాచింది నువ్వే అవుతావు. రేపు ఏడింటికి నీ కోసం వస్తారు."

ఆ సాయంత్రం అమ్మాయి పిన్నికి అంతా చెప్పింది.

"పట్టుకెళ్లినవాళ్లని ఎన్నాళ్లకి వదుల్తారే?" అడిగింది పిన్ని.

"మా ఆఫీసు నుంచే పోయిన నెల ముగ్గురిని తీసుకెళ్లారు. తిరిగొచ్చింది సున్నా."

పొద్దున అమ్మాయి లేచేసరికి వంటగదిలో తనే నిలబడి ఉంది. అదే నుదురు, అవే కళ్లు. ఒంటి మీద తన ఆఫీసు చీర, మెడలో తన కార్డు.

"పిన్నీ, వద్దు."

"నోర్ముయ్. వెళ్లి బీరువా వెనక కూర్చో. ఒక్కపూటైనా నీ ముఖంతో తిరగనీ. పళ్లు గట్టిగా ఉన్నాయి."

వ్యాను ఆగింది. మెషీన్ కూత వినిపించింది. "పచ్చ" అన్నారెవరో. వ్యాను వెళ్లిపోయింది.

అమ్మాయి ఆ పగలూ ఆ రాత్రీ బీరువా వెనకనుంచి కదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం తాళాలతను తలుపుకి నోరు ఆనించి గబగబా చెప్పాడు.

"తియ్యకు, విను. వ్యాను డ్రైవరు నా దగ్గర తాళం చేయించుకుంటూ చెప్పాడు. నిన్న ఇక్కణ్ణించి తీసుకెళ్లిన మనిషికి రాత్రికి రాత్రే ముఖం మారి, పొద్దున లాకప్పులో హాజరు వేస్తే ఎర్ర దీపం వచ్చిందట. వెళ్లింది పిన్నేనని అప్పుడర్థమైంది నాకు. లిస్టులో లేని మనిషిని లోపల ఉంచే రూలు లేదని బయటికి నెట్టేశారు. నువ్వు పారిపోయినట్టు రాసుకున్నారు. నీ ఫోటో పట్టుకుని ఇల్లిల్లూ వెతుకుతున్నారు. మామూలు చీరల్లో ఆడ పోలీసులు కూడా ఉన్నారు. ఎవరొచ్చినా తియ్యకు."

పొద్దుగూకే వేళ తలుపు చప్పుడైంది.

"తలుపు తియ్యవే. నడిచి నడిచి చచ్చిపోయాను."

గొంతు పిన్నిదిలాగే ఉంది. గొంతు ఎవరైనా నేర్చుకోవచ్చు. అమ్మాయి గొలుసు ఉంచి తలుపు వేలెడు తెరిచింది. తెలియని కన్ను, వాచిన చెంప.

"కార్డు చూపించండి" అంది.

బయటి మనిషి తలుపుకి దగ్గరగా వంగింది. సందులోంచి అమ్మాయినే చూస్తోంది. కన్ను పెద్దదైంది.

"ఎవరమ్మా నువ్వు? మా అమ్మాయిని ఏం చేశారు?"

అమ్మాయి చెయ్యి ముఖం మీదకి వెళ్లింది. ముక్కు, దవడ, గడ్డం. వేళ్లకి ఏదీ తెలిసినదిగా తగల్లేదు. చేతిలో ఫోటోలున్నవాళ్లెవరూ ఇక ఆమెని పట్టుకోలేరు.

"నేనే పిన్నీ" అంటూ గొలుసు తీసింది.

మెట్టు మీది మనిషి రెండడుగులు వెనక్కి వేసింది.