వెనకాల మర్చిపోయిన పెన్‌డ్రైవ్

ఉదయం తొమ్మిదింటికి అక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి, మూడయినా లేవలేదు. నల్లటి తెర మీద అదే ఒక్క ముక్క: బూట్ చెయ్యడానికి ఏమీ దొరకలేదట. కేబుల్ మార్చాను. హార్డ్‌డిస్క్ విప్పి నా లాప్‌టాప్‌కు తగిలిస్తే, అక్క ప్రెస్సు కోసం పేజీలు కట్టిన పుస్తకాల ఫైళ్ళన్నీ నిక్షేపంలా ఉన్నాయి. తిరిగి బిగిస్తే మళ్ళీ మొండికేసింది. నడుం పట్టేసింది. ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లన్నీ బాగుచేసేవాడికి సొంత అక్క కంప్యూటర్ దగ్గర బుర్ర పనిచెయ్యకపోవడం ఏం ఖర్మో!

"నీ చెయ్యి పడితే అంతే" అని బావ ఐదు రోజులుగా హాల్లో టీవీ ముందు కూర్చుని అక్కను దెప్పుతున్నాడు. విని విని అక్క నమ్మేసింది.

"సాయంత్రం ప్రెస్సుకు ఫోన్ చేసి ఇక పని వద్దని చెప్పేస్తా తమ్ముడూ. నాకిది అచ్చిరాలేదు" అంది.

నాలుగేళ్ళ కింద ఈ కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఎక్కించి, పక్కన కూర్చుని పేజీల పని నేర్పింది నేనే. ఆ మాటకు ఒళ్ళు మండింది.

"అది కాదురా, నీ వస్తువొకటి..."

"తర్వాతక్కా. ముందు నన్ను పని చేసుకోనీ."

పొద్దుట్నుంచి అలా కసరడం మూడోసారి.

టీ తెచ్చినప్పుడు అక్క కప్పు పక్కన ఓ పాత పెన్‌డ్రైవ్ పెట్టింది. "నీదే. సోమవారం దుమ్ము దులుపుతుంటే కంప్యూటర్ వెనకాల గుచ్చి కనబడింది. మర్చిపోయావని తీసి దాచా."

కంప్యూటర్ పడుకున్నదీ సోమవారమే. పెన్‌డ్రైవ్‌ను గుచ్చి ఆన్ చేశాను. నిమిషంలో అక్క పేజీలు తెర మీదికొచ్చాయి.

కంప్యూటర్‌ను నిద్రలేపే చిన్న ప్రోగ్రామును హార్డ్‌డిస్క్‌లో రాయాల్సింది పోయి, ఆ రోజు తొందరలో ఈ పెన్‌డ్రైవ్‌లో రాసి, దాన్ని వెనకాలే వదిలి వెళ్ళిపోయాను. నాలుగేళ్ళుగా దీని పుణ్యానే లేస్తోంది. గోటితో పోయేదానికి పొద్దుట్నుంచి గొడ్డలి పట్టుకు కూర్చున్నాను. రాయాల్సిన చోట రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. పెన్‌డ్రైవ్ పీకేసి ఆన్ చేసినా లేచింది.

"నేనే పాడుచేశానా?" అంది అక్క.

డిస్క్ పాతబడిందని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదక్కా. తప్పు నాది. ఎక్కించిన రోజే చేశాను."

అక్క అరవలేదు. కళ్ళు తుడుచుకుంది. "నాకు చెప్తే ఏం లాభంరా? వెళ్ళి మీ బావకు చెప్పు. ఐదు రోజుల్నుంచి ఆయన ముందు తలెత్తుకోలేకపోతున్నా."

బావ దగ్గర నేనెప్పుడూ మహా పండితుణ్ణే. కాళ్ళీడ్చుకుంటూ హాల్లోకి వెళ్ళాను. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బావా" అన్నాను, "ఆ టీవీ కాస్త ఆపు."