తలుపు తీసే మనిషి

ఆదివారం సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. భర్త హాల్లో సోఫాలో కూర్చున్నాడు. అతనికీ తలుపుకీ మధ్య పట్టుమని మూడడుగులు లేవు.

"తలుపు" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

అంతే. తియ్యమనలేదు, ఫలానా మనిషి అని పిలవనూ లేదు. ఆ ఒక్క మాట గాల్లోకి వదిలేస్తే చాలు, అది వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోతుందని పదకొండేళ్ళుగా అతనికి గట్టి నమ్మకం. లోపలి గదిలోంచి పదేళ్ళ కూతురు కూడా అందుకుంది, "అమ్మా, తలుపు!" ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గడియ తీసింది. బయట అత్తగారు. "ఎంతసేపు నిలబెడతావమ్మాయ్, మోకాళ్ళు లాగేస్తున్నాయి" అంటూ ఆవిడ లోపలికి నడిచింది. సోఫాలో ఉన్న కొడుకుని ఆవిడ ఏమీ అనలేదు. అతను అక్కడ ఉన్నట్టే ఆవిడకి తోచలేదు.

ఆ ఇంటికి ఉన్నది ఒకటే తాళంచెవి, అది ఆమె సంచిలో ఉంటుంది. లాగితే దానంతటదే పడిపోయే తాళం కాబట్టి వెళ్ళేవాళ్ళకి చెవితో పనిలేదు. వచ్చేవాళ్ళకి ఆమెతో పని. పెళ్ళయిన కొత్తలో భర్త తన తాళంచెవి ఎక్కడో పారేసుకొచ్చాడు, మళ్ళీ చేయించుకోనక్కర్లేదని తనే తేల్చేశాడు. "నువ్వుంటావుగా." అత్తగారిదీ అదే పాట. "ఇంట్లో ఆడమనిషి ఉండగా తాళంచెవులు మోసుకు తిరగడమేంటి? ఇదేమన్నా లాడ్జీయా?" అత్తగారు మనవరాలిని బడి నుంచి తీసుకుని, పార్కులో కాసేపు కూర్చుని, ఐదింటికి వస్తుంది. భర్త ఆరింటికి. అంటే నాలుగున్నరకల్లా ఆమె ఇంటి లోపల ఉండి తీరాలి. ఆఫీసులో మూడు దాటిందంటే చాలు, ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంటుంది ఆమెకి. ఎవరితో మాట్లాడుతున్నా ఒక చెవి బెల్లు కోసం వింటూ ఉంటుంది, ఆ బెల్లు ఊరికి ఆ చివర ఉన్నా సరే.

ఉద్యోగం చూస్తే అదీ తలుపులదే. తక్కువ ఆదాయం వాళ్ళకి తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థలో ఆమె తనిఖీ అధికారి. హోదా పేరు ఘనంగానే ఉంది గానీ, చేసే పని జనం తలుపులు తట్టడం. ఏడాదికోసారి ప్రతి ఇంట్లో గ్యాసు పైపులు పరీక్ష చేయించాలి, అది చట్టం. ఒక ఇంట్లో లీకైతే బ్లాకులో ఉన్న యాభై ఆరు ఇళ్ళకీ ముప్పే. అందుకని ఆమె దగ్గర ఒక ఫారం ఉంటుంది. దాన్లో రెండు గళ్ళు: అనుమతించారు, నిరాకరించారు. నిరాకరించారన్న గడిలో మూడుసార్లు టిక్కు పడితే ఫైలు లాయరు దగ్గరికి పోతుంది. కోర్టు ఆర్డరుతో తాళం తీయించి పైపులు చూస్తారు. ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేయమని నోటీసు.

ఐదో అంతస్తులో పద్నాలుగో నంబరు ఇంటికి మూడు టిక్కులూ పడ్డాయి. మొదటి టిక్కు ఆమె పెట్టిందే. ఆ రోజు నాలుగుకి పది నిమిషాలుంది. తలుపు తడితే లోపలి నుంచి ఒక ఆడగొంతు "రేపు రండి" అంది. ఆమె గడియారం చూసుకుంది. ఇంకోసారి తట్టి అడగడానికి ఐదు నిమిషాలు పట్టేది, ఆ ఐదు నిమిషాలూ పెడితే బస్సు పోయేది. నిరాకరించారు. టిక్కు. రెండోసారీ మూడోసారీ వెళ్ళినవాళ్ళు పై టిక్కు చూసి కింద టిక్కు పెట్టారు.

కోర్టు ఆర్డరు వచ్చాక, ఆ కాగితం తలుపుకి అంటించే పని ఆమెకే పడింది. ఈసారి పొద్దున్న పదకొండింటికి వెళ్ళింది. అంటించేసి వచ్చేస్తే సరిపోయేది. కానీ లోపల ఎవరో తలుపు వెనకే నిలబడ్డ అలికిడి వినిపించింది.

"ఏమ్మా, ఐదు నిమిషాల పని కోసం ఎందుకింత మొండితనం?" అంది ఆమె, ఉత్తరాలు వేసే సందులోకి వంగి. "గురువారం తాళం పగలగొడతారు. ఆ తర్వాత ఇల్లే ఖాళీ చేయాల్సొస్తుంది. తలుపు తీస్తే పోయేదేముంది?"

"తియ్యనని నేనెప్పుడన్నాను మేడం?" అంది లోపలావిడ. "తియ్యలేను. బయట తాళం వేసి, చెవి ఆయన తీసుకెళ్తారు."

"లోపల ఇంకోటి ఉండదా?"

"ఇంట్లో ఉండే మనిషికి తాళంచెవి ఎందుకంటారు."

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది అనుకోవడానికి కూడా లేదు, రోజూ వింటున్నదే. ఒకావిడ తలుపు తీయకుండా ఉండడానికీ, ఇంకొకావిడ తలుపులు తీస్తూనే ఉండడానికీ చెప్పే కారణం ఒకటేనా?

"మరి మొదటిసారి వచ్చినప్పుడే చెప్పొచ్చుగా?" అంది, గొంతు తగ్గించి.

"చెబుదామనే తలుపు దగ్గరికొచ్చాను. కన్నంలోంచి చూస్తే మీరు గడియారం చూసుకుంటున్నారు."

ఆమె కాగితం తలుపుకి అంటించి వెనుదిరిగింది. సిగ్గేసింది. ఐదంతస్తులు మెట్లు దిగుతూంటే, లిఫ్టు ఉన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు.

ఆఫీసుకెళ్ళి చెబితే మేనేజరు గారు విన్నారు. వినడంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. చివరిదాకా విని, "మొగుడూ పెళ్ళాల గొడవల్లో మనం దూరితే ఎట్లాగమ్మా? మనది గ్యాసు" అన్నారు.

"ఇదీ గ్యాసే కదా సార్. మంటంటుకుంటే ఆవిడ ఎటు పారిపోతుంది?"

"ఆర్డరుంది కదా. గురువారం తలుపు తెరవండి, పైపులు చూడండి, కొత్త తాళం వేయించండి. చెవులు తెచ్చి ఆఫీసులో పెట్టండి. అద్దె కాగితం ఎవరి పేరునుంటే వాళ్ళొచ్చి సంతకం చేసి తీసుకెళ్తారు. మధ్యలో మీకేం ఇబ్బంది?"

అద్దె కాగితం ఆవిడ మొగుడి పేరున ఉంది. అంటే గురువారం మధ్యాహ్నం కోర్టు తెరిపించిన తలుపు, సాయంత్రానికల్లా సంస్థ చేతుల మీదుగానే మళ్ళీ మూతపడుతుంది, ఈసారి కొత్త తాళంతో, రసీదుతో సహా.

అన్నాల దగ్గర భర్తకి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేది. "ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఆవిడ మొగుడికి తెలుస్తుందా, నీకు తెలుస్తుందా?" అన్నాడతను. "ఆయనకేం భయాలున్నాయో ఏమో. నీ ఉద్యోగమేదో నువ్వు చూసుకో." నీళ్ళు తాగి గ్లాసు కింద పెడుతూ, "గురువారం లేటు చెయ్యకు, అమ్మకి అసలే మోకాళ్ళ నొప్పులు" అన్నాడు.

గురువారం మూడింటికి పద్నాలుగో నంబరు ముందు ముగ్గురు నిలబడ్డారు. ఆమె, గ్యాసు మెకానిక్కు, తాళాలు చేసే ఆయన. తాళాలాయన నాలుగు నిమిషాల్లో తలుపు తీసేసి, "ఇంత సుళువైన దానికి కోర్టు దాకా ఎందుకెళ్ళారండీ?" అని నవ్వాడు. తలుపు తెరుచుకోగానే అతని నవ్వు ఆగిపోయింది.

ఆవిడకి ముప్పై ఏళ్ళుంటాయేమో. తల నున్నగా దువ్వుకుని, గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళకి చెప్పులున్నాయి. కొన్నాళ్ళ కిందటివే అయ్యుండాలి, కానీ అడుగులు మాత్రం అరగనే లేదు.

మెకానిక్కు స్టవ్వు వెనక్కి తలపెట్టి, "ట్యూబు పగిలి ఉందండీ, ఇంకొన్నాళ్ళు ఇట్లాగే వదిలేస్తే ఏమయ్యేదో" అన్నాడు. తెచ్చుకున్న కొత్త ట్యూబు వేసి, సబ్బునీళ్ళతో చూసి, ఫారం మీద సంతకం పెట్టేసి వెళ్ళిపోయాడు.

తాళాలాయన రెండు తాళాలు బయటికి తీశాడు. "ఏది వెయ్యమంటారు? దీనికి లోపల కూడా చెవి కావాలి. దీనికైతే లోపల పిడి తిప్పితే చాలు."

ముందురోజు రాత్రి నిద్ర పట్టక ఆమె సంస్థ రూల్సు పుస్తకం మొత్తం తిరగేసింది. ముప్పై ఒకటో పేజీలో ఉంది, ఎన్నేళ్ళ నుంచి ఉందో పాపం, చదివిన నాథుడు లేడు. అగ్నిప్రమాదం జరిగితే, ప్రతి ఇంటి తలుపూ తాళంచెవితో పనిలేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలి. "పిడి ఉన్నదే" అంది. "రూలు."

తాళం బిగించాక అతను మూడు చెవులున్న కవరు ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడే ఫోను మోగింది. ఐదూ ఐదైంది.

"అమ్మా పిల్లా మెట్ల మీద కూర్చున్నారు, నీకు తెలుస్తోందా?" అన్నాడు భర్త.

"మీరెక్కడున్నారు?"

"నేనూ మెట్ల మీదే! ఇవాళ తొందరగా వచ్చాను."

"అయితే ముగ్గురూ ఉన్నారన్నమాట. కూర్చోండి, వస్తాను." ఫోను సంచిలో పడేసింది. ఎప్పుడూ ఆ పాటికి కాళ్ళు వాటంతటవే బస్సు వైపు లాగేవి. ఇప్పుడూ లాగుతున్నాయి. అయినా ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. గడియారం ఉన్న చేతిని ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది.

కవరు చింపి ఒక తాళంచెవి తీసి ఆవిడకిచ్చింది. ఆవిడ దాన్ని పట్టుకుని గుమ్మం దాటింది, బయట నిలబడి తలుపు లాగేసింది. కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత చెవి తిరిగింది, తలుపు తెరుచుకుంది. మళ్ళీ వేసింది, మళ్ళీ తీసింది. మూడోసారి లోపలికొచ్చాక గుప్పిట మూసుకుని అడిగింది.

"ఇది నా దగ్గరే ఉంటుందా మేడం?"

"ఉంటుంది. రేపు ఆయన వస్తే ఆయనది ఆయనకిస్తాం. మూడోది ఆఫీసులో ఉంటుంది. ఇది మాత్రం మీదే."

"ఆయన లాక్కుంటే?"

ఆ ప్రశ్నకి ముప్పై ఒకటో పేజీలో జవాబు లేదు. ఆమె ఆడవాళ్ళ సహాయ కేంద్రం నంబరూ, దాని కింద తన నంబరూ కాగితం మీద రాసిచ్చింది. "లాక్కుంటే నాకు ఫోన్ చేయండి, ఆఫీసులో ఉన్నది తెచ్చిస్తాను. ఇక్కడ ఉండొద్దనుకుంటే ఈ పై నంబరుకి చేయండి, వాళ్ళ దగ్గర చోటుంది."

"నాకు భయంగా ఉంది మేడం."

"నాకూ ఉంది" అంది ఆమె. అది నిజం. రేపు మేనేజరు గారు మెమో ఇవ్వొచ్చు. అయినా ఫారం తీసింది. అనుమతించారు, నిరాకరించారు అన్న రెండు గళ్ళ కింద పెన్నుతో మూడో గడి గీసింది, కాస్త వంకరగానే వచ్చింది. దాని పక్కన "బయటి నుంచి తాళం వేసి ఉంచారు" అని రాసి టిక్కు పెట్టింది. రసీదు మీద "తాళంచెవి ఇంట్లో ఉంటున్న మనిషికి ఇచ్చాను" అని రాసి, ఆవిడ చేత సంతకం చేయించి, కింద తనూ చేసింది. మొదటి టిక్కు తను తప్పుగా పెట్టానని కూడా అదే కాగితం మీద రాసింది. అది రాయడానికే అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

కిందికి వచ్చేసరికి తాళాలాయన టీ తాగొచ్చి వ్యాన్ ఎక్కబోతున్నాడు. ఆమె సంచిలోంచి తన ఇంటి తాళంచెవి తీసి, "దీనికి ఇంకో మూడు చేసిస్తారా?" అని అడిగింది.

ఇల్లు చేరేసరికి ఆరున్నర. మెట్ల మీద ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు. భర్త ఒక్క ఉదుటున లేచాడు. "ఎక్కడ తిరుగుతున్నావ్? గంటన్నర! ఇంటి ముందు అడుక్కునేవాళ్ళలా..." అత్తగారు కూడా మొదలుపెట్టింది. "ఇంత ఆడమనిషివి ఉండి కూడా..."

ఆమె సంచిలోంచి చెవులు తీసింది. కూతురి చేతిలో ఒక తాళంచెవి పెట్టింది. భర్త చేతిలో ఒకటి, అత్తగారి చేతిలో ఒకటి. పెట్టి, భర్త లేచిన చోట మెట్టు మీద తను కూర్చుంది.

భర్త ఆమెని చూశాడు, చేతిలో చెవిని చూశాడు, ఏదో అనబోయి మానేసి తలుపు దగ్గరికి వెళ్ళాడు. కుడికి తిప్పాడు. రాలేదు. బలంగా మళ్ళీ కుడికే తిప్పాడు. అది ఎడమకి తిరుగుతుందని పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఉన్న మనిషికి తెలీదు. "ఎడమకి నాన్నా" అంది కూతురు.

అత్తగారి తిట్లు ఎప్పుడు ఆగిపోయాయో ఆమె గమనించలేదు. తిరిగి చూస్తే, ఆవిడ వీధి దీపం కిందికి జరిగి, తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. డెబ్బై ఏళ్ళ మనిషి. తండ్రి ఇల్లు, మొగుడి ఇల్లు, కొడుకు ఇల్లు. ఆవిడ తాళంచెవి వద్దందనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఎవరైనా ఎప్పుడైనా ఇచ్చారా అని అడగాలని తట్టలేదు.

"అమ్మాయ్" అంది అత్తగారు, కొడుక్కి వినపడకుండా. "ఇది నా దగ్గరే ఉంటుందా?"

"మీదే అత్తయ్యా."

ఆవిడ గుప్పిట మూసుకుంది. తలుపు దగ్గర భర్త ఇంకా కుడికే తిప్పుతూ చెవితో కుస్తీ పడుతూనే ఉన్నాడు. ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు.